ఇంట్లో కట్టుకునే స్పోర్ట్స్ కారుకు ఏ బ్రేకులు? క్యాలిపర్ కొనేముందు చూసుకోవాల్సిన లెక్కలు

చట్రం వెల్డింగ్ పూర్తయింది, ఇంజన్ కూర్చుంది, సస్పెన్షన్ ఆర్ములు బిగించారు. ఇక బ్రేకులు. విడిభాగాల కోసం తెచ్చుకున్న పాత కారు (దాన్ని డోనర్ అందాం) నుంచి ఊడదీసిన ఇనుప క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే భాగాలు) తుప్పు పట్టి ఓ మూల పడి ఉన్నాయి. ఫోన్లో చూస్తే ఎర్ర రంగు వేసిన నాలుగు పిస్టన్ల అల్యూమినియం క్యాలిపర్ ఊరిస్తోంది. ఏది పెట్టాలి?

ప్రశ్న అక్కడ మొదలైతే జవాబు తప్పుగానే వస్తుంది. ఇలాంటి కారులో క్యాలిపర్ ఆఖరున తేలాల్సిన వస్తువు. ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు ఎలా పంచాలి, పెడల్ కింద ఏ మాస్టర్ సిలిండర్ (కాలి నొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చేది) ఉండాలి, హ్యాండ్ బ్రేక్ ఎక్కడ పట్టాలి అన్నవి ముందు తేలితే, క్యాలిపర్ దానంతటదే తేలిపోతుంది.

ఇక్కడ మాట్లాడేది 1957లో వచ్చిన లోటస్ సెవెన్ తరహా కార్ల గురించి. గొట్టాల చట్రం, రెండు సీట్లు, ముందు ఇంజన్, వెనక చక్రాలకు డ్రైవ్, మనిషితో కలిపి 650 కిలోల లోపు బరువు. మొదట్లో ఆ కారు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకుల మీదే నడిచింది. తేలిక కారుకు బ్రేకు ఎంత తక్కువ సరిపోతుందో అదే చెబుతుంది.

## ముందు బరువు లెక్క

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న 650 కిలోల కారును ఆపితే బ్రేకుల్లో వేడిగా మారే శక్తి సుమారు 250 కిలోజౌళ్లు. అదే వేగంలో 1200 కిలోల డోనర్ కారుకైతే 460 దాటుతుంది. అంటే ఆ ఇనుప బ్రేకులు మీ కారులో సగం పనే చేస్తాయి. ఆపే బలానికి కొరత లేదు. కొరత పంపకంలో వస్తుంది.

బ్రేకు నొక్కగానే బరువు ముందుకు ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: గరిమనాభి ఎంత ఎత్తులో ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎంత, ఎంత గట్టిగా ఆపుతున్నారు. నిలబడి ఉన్నప్పుడు బరువు సగం సగం పడే 650 కిలోల కారు, గరిమనాభి 42 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య 2.3 మీటర్లు ఉందనుకుంటే (1 జీ అంటే భూమి ఆకర్షణ ఇచ్చే త్వరణమంత):

| పరిస్థితి | వేగం తగ్గే తీరు | ముందు చక్రాలపై బరువు | వెనక చక్రాలపై బరువు |
|---|---|---|---|
| తడి రోడ్డు | 0.5 జీ | 59 శాతం | 41 శాతం |
| పొడి రోడ్డు, మామూలు టైర్లు | 0.9 జీ | 66 శాతం | 34 శాతం |
| ట్రాక్ మీద మెత్తటి, పట్టున్న టైర్లు | 1.2 జీ | 72 శాతం | 28 శాతం |

బ్రేకు పంపకం కూడా ఇదే నిష్పత్తిలో ఉంటే నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టు అంచుకు చేరతాయి. ఇప్పుడు డోనర్ సంగతి చూడండి. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న 1200 కిలోల కారులో నిలబడినప్పుడే 60 శాతం పైగా బరువు ముందుంటుంది, కారు ఎత్తు కూడా ఎక్కువ. 0.9 జీ దగ్గర ముందు చక్రాలపై 80 శాతం దాటిపోతుంది. దాని బ్రేకులన్నీ ఆ లెక్కకే తయారయ్యాయి. వాటిని యథాతథంగా తేలిక కారుకు తగిలిస్తే ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి (తిరగడం ఆగి జారతాయి), వెనకవి బద్ధకంగా తిరుగుతుంటాయి. కారు నిటారుగానే పోతుంది గానీ ఆగే దూరం పెరుగుతుంది. దానికి తోడు డోనర్ లో వెనక బ్రేకుకు వెళ్లే ఒత్తిడిని కోసే వాల్వు ఒకటి ఉంటుంది. అది అలాగే ఉంచితే ఉన్న కాస్త వెనక బ్రేకూ పోతుంది. చాలా సందర్భాల్లో ఆ వాల్వును తీసేయాల్సిందే.

తలకిందులుగా అయితే ఇంకా ప్రమాదం. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే టైరు పక్కకు పట్టు కోల్పోతుంది, కారు తోక తిప్పేస్తుంది. అందుకే ఎంత గట్టిగా నొక్కినా ముందువే మొదట లాక్ కావాలి. పట్టికలో ఇంకో మెలిక ఉంది. 66 శాతానికి సరిగ్గా లెక్కకట్టిన కారుకు మెత్తటి ట్రాక్ టైర్లు వేస్తే 72 అవసరమవుతుంది. మార్చింది టైర్లే, కానీ వెనక చక్రాలు మొదట లాక్ అయ్యే కారు తయారైంది. మీరు ఎప్పటికైనా వాడబోయే అత్యంత పట్టున్న టైరును దృష్టిలో పెట్టుకుని లెక్కకట్టండి. రోడ్డు కారుకు కూడా 70 దగ్గర పెట్టుకోవడం నా అలవాటు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు కాస్త ముందే లాక్ అవుతాయి, అంతే.

## ముందు క్యాలిపర్లు: మూడు దారులు

డోనర్ క్యాలిపర్లనే కొత్త సీళ్లతో బాగుచేసుకోవడం. ఇవి ఎక్కువగా ఒకే పిస్టన్, జారే బాడీ ఉన్నవి. పిస్టన్ లోపలి ప్యాడును నెడితే, క్యాలిపర్ బాడీ పిన్నుల మీద జారి బయటి ప్యాడును లాగుతుంది. బరువెక్కువ, చూడ్డానికి ముచ్చటగా ఉండవు. కానీ దుమ్ము ఆపే రబ్బరు తొడుగులు ఉంటాయి, ప్యాడ్లు ఏ మూలైనా దొరుకుతాయి, హబ్బుకు (చక్రం బిగించే నడిమి భాగానికి) బ్రాకెట్ అక్కర్లేకుండా కూర్చుంటాయి. హబ్ బేరింగులో కాస్త లూజు ఉన్నా సర్దుకుపోతాయి. ఈ చివరి గుణం ఎంత విలువైనదో కాసేపట్లో తెలుస్తుంది.

అదే కుటుంబంలో పెద్ద కారు డిస్కు తేవడం. మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరంలో 1.6 లీటర్ల కారుకు ముందు డిస్కు 235 మి.మీ., 1.8 లీటర్ల దానికి 255. దాంతోపాటు క్యాలిపర్ని పట్టి ఉంచే బ్రాకెట్ కూడా మారుతుంది. ఇలాంటి మార్పు బోల్టు విప్పి బోల్టు బిగించినంత పని. డిస్కు పెద్దదైతే వేడి మోసే ఇనుము పెరుగుతుంది, ప్యాడు లాగే వ్యాసార్ధం పెరుగుతుంది. ట్రాక్ మీద వరసగా ల్యాపులు వేసేవారికి ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే.

నాలుగు పిస్టన్ల స్థిర క్యాలిపర్. విల్వుడ్, ఏపీ రేసింగ్ లాంటి కంపెనీలవి. చక్రానికి కిలో రెండు కిలోల బరువు తగ్గుతుంది. అది స్ప్రింగుల కింది బరువు కాబట్టి గతుకుల్లో తేడా తెలుస్తుంది. ప్యాడు ఒరగకుండా సమంగా అరుగుతుంది. పెడల్ కింద గట్టిదనం బాగుంటుంది. ఇవన్నీ నిజమే. కానీ దీన్ని కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది పిస్టన్ల లెక్కలో.

జారే క్యాలిపర్ తో స్థిర క్యాలిపర్ని పోల్చేటప్పుడు, స్థిర క్యాలిపర్ లో ఒక పక్కనున్న పిస్టన్ల వైశాల్యమే లెక్కలోకి తీసుకోవాలి. నాలుగూ కలిపేయకూడదు. 48 మి.మీ. పిస్టన్ ఒక్కటున్న జారే క్యాలిపర్ వైశాల్యం 1810 చదరపు మి.మీ. 34 మి.మీ. పిస్టన్లు నాలుగున్న స్థిర క్యాలిపర్ కు ఒక పక్క రెండు కలిపి 1816. రెండూ ఒకే బలంతో పడతాయి! నాలుగు పిస్టన్లంటే నాలుగింతల బ్రేకు కాదు. అదే 44 మి.మీ. పైచిలుకు పిస్టన్లున్నది తెస్తే ఒక పక్కే 3100 దాటుతుంది. ముందు బ్రేకు దాదాపు 70 శాతం పెరిగి, వెనకది ఉన్నచోటే ఉంటుంది. పంపకం ముక్కు మీదకు ఒరిగిపోతుంది. పైగా అంత పెద్ద పిస్టన్లను కదపడానికి ఆయిల్ కూడా ఆ మేరకు ఎక్కువ కావాలి కాబట్టి పెడల్ లోపలికి దిగిపోతుంది. స్థిర క్యాలిపర్ కావాలనుకుంటే, పిస్టన్ సైజు డోనర్ వైశాల్యానికి దగ్గరగా ఉండేది ఎంచుకోండి.

ఇంకో చిక్కు ఉంది. స్థిర క్యాలిపర్ కదలదు కాబట్టి డిస్కు ఊగితే ఆ ఊపు పిస్టన్ల మీద పడుతుంది. మలుపులో పక్క బరువు పడి హబ్ బేరింగు కాస్త వంగితే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. మలుపు దాటాక మొదటిసారి నొక్కితే పెడల్ సగం దాకా ఖాళీగా దిగి, రెండోసారికి మామూలుగా నిలబడుతుంది. గాలి ఉందనుకుని మళ్లీ మళ్లీ ఆయిల్ వదులుతుంటారు, ఫలితం ఉండదు. హబ్బులు, బేరింగులు కొత్తవైతే తప్ప ఈ క్యాలిపర్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. రేసు కోసం చేసిన మోడళ్లలో చాలావాటికి దుమ్ము తొడుగులు ఉండవన్నదీ గుర్తుంచుకోండి. వానలో, బురదలో రోజూ తిరిగే కారుకు అది సరిపడని సంగతి. పిస్టన్ల అంచున మురికి చేరి పట్టేస్తాయి.

| చూడాల్సింది | డోనర్ ఇనుప క్యాలిపర్ | అదే కుటుంబపు పెద్ద డిస్కు | నాలుగు పిస్టన్ల స్థిర క్యాలిపర్ |
|---|---|---|---|
| బరువు | ఎక్కువ | ఇంకాస్త ఎక్కువ | తక్కువ |
| అమర్చడం | నేరుగా కూర్చుంటుంది | దాదాపు నేరుగా | బ్రాకెట్ చేయించాలి |
| హబ్ లూజును తట్టుకోవడం | బాగా | బాగా | తట్టుకోదు |
| వానలో, బురదలో | తట్టుకుంటుంది | తట్టుకుంటుంది | మోడల్ని బట్టి |
| వరసగా ల్యాపులు | ప్యాడ్లు మారిస్తే సరి | బాగా | బాగా |
| ముందు, వెనక పంపకం | తెలిసినది | కొద్దిగా ముందుకు | మళ్లీ లెక్కకట్టాలి |

## మాస్టర్ సిలిండర్: అసలు నిర్ణయం ఇక్కడుంది

ఈ భాగాన్ని రెండు నిమిషాల్లో ముగించేసి, క్యాలిపర్ రంగు గురించి వారాల తరబడి ఆలోచించేవాళ్లే ఎక్కువ. పెడల్ తీరు, ఆపే బలం, పంపకం మూడూ తేలేది ఇక్కడే.

సూత్రం చిన్నదే. కాలి బలాన్ని పెడల్ నిష్పత్తి పెంచుతుంది, మాస్టర్ సిలిండర్ వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి వస్తుంది. చిన్న సిలిండర్ ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది, పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. పెద్దది దానికి వ్యతిరేకం. పెడల్ నిష్పత్తి అంటే ఇరుసు నుంచి పాదం పెట్టే చోటికి ఉన్న దూరాన్ని, ఇరుసు నుంచి పుష్ రాడ్ (సిలిండర్ ను నెట్టే కడ్డీ) దాకా ఉన్న దూరంతో భాగించడం. 250 మి.మీ., 50 మి.మీ. అయితే 5. బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్ తో కాలి బలాన్ని పెంచే డబ్బా) లేని కారుకు 5 నుంచి 6 మధ్య ఉండాలి. బూస్టర్ ఉన్న డోనర్ పెడళ్లు 4 చుట్టుపక్కల ఉంటాయి. అందుకే డోనర్ పెడల్, డోనర్ సిలిండర్ ఉంచి బూస్టర్ ఒక్కటీ తీసేసినవాళ్ల కారు రాయిని తన్నినట్టుంటుంది.

డోనర్ సిలిండర్, బూస్టర్ తో సహా. పెడల్ మెత్తగా, రోజువారీ కారులా ఉంటుంది. కానీ బూస్టర్ డబ్బా పెద్దది, ఇంత ఇరుకు కారులో చోటు దొరకదు. ఇంజన్ లోని ఒక్కో సిలిండర్ కు ఒకటి చొప్పున థ్రాటిల్ (గాలిని వదిలే తలుపు) ఉంటే బూస్టర్ కు కావాల్సిన వాక్యూమ్ నిలకడగా రాదు. 650 కిలోల కారుకు దీని అవసరం నాకు కనిపించదు, కాళ్లలో బలం తక్కువున్నవారికి తప్ప.

బూస్టర్ లేకుండా ఒకే జంట సిలిండర్. ఒకే గొట్టంలో వరసగా రెండు పిస్టన్లు, ముందు బ్రేకులకో సర్క్యూట్ (విడి ఆయిల్ దారి), వెనకవాటికో సర్క్యూట్. ఒకటి కారిపోయినా రెండోది పనిచేస్తుంది. 22.2 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), అంటే అంగుళంలో ఏడు ఎనిమిదోవంతులు, ఈ బరువుకు బాగా సరిపోతుంది. అమర్చడం సులువు, రిజిస్ట్రేషన్ తనిఖీలో ప్రశ్నలు తక్కువ. పంపకం సర్దాలంటే వెనక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టుకోవచ్చు. కానీ ఆ వాల్వు వెనక బ్రేకును తగ్గించగలదే తప్ప పెంచలేదు. వెనక బలం చాలని కారుకు అది వైద్యం కాదు.

బ్యాలెన్స్ బార్ తో రెండు సిలిండర్లు. పెడల్ మధ్యలోంచి వెళ్లే అడ్డ కడ్డీ, దాని రెండు కొసలకూ రెండు పుష్ రాడ్లు, ముందుకొక సిలిండర్, వెనకకొక సిలిండర్. రెండింటికీ వేర్వేరు బోరు వేసుకోవచ్చు. కడ్డీని అటూ ఇటూ జరిపి సన్నగా సర్దుకోవచ్చు. నిజంగా ట్రాక్ మీదకు వెళ్లేవారికి దీన్ని మించినది లేదు.

ఇక్కడ ఒక లెక్క తెలియక చాలామంది దెబ్బతింటారు. కడ్డీ మధ్యలో ఉంటే కాలి బలం రెండు సిలిండర్లకూ చెరిసగం పోతుంది. జంట సిలిండర్ లో అలా సగం కాదు, పూర్తి బలం రెండు సర్క్యూట్లకూ అందుతుంది. కాబట్టి 22.2 మి.మీ. జంట సిలిండర్ కు సమానం 15.9 మి.మీ. సిలిండర్లు రెండు. వైశాల్యాలు 388, 198 చదరపు మి.మీ. చూడండి, ఒకటి రెండోదానికి దాదాపు రెట్టింపు. "పాతది 22 కదా" అని బ్యాలెన్స్ బార్ కు 22 మి.మీ.వి రెండు కొంటే ఒత్తిడి సగానికి పడిపోతుంది. పెడల్ ఇటుకలా ఉంటుంది, కారు ఆగదు.

ఒక కారుకు మొత్తం కట్టి చూద్దాం. పెడల్ మీద 300 న్యూటన్లు, అంటే సుమారు 30 కిలోల బరువంత నొక్కుడు. నిష్పత్తి 5. ముందు పిస్టన్ 48 మి.మీ., వెనక 34, రెండూ ఒకే పిస్టన్ తో జారే క్యాలిపర్లు. ప్యాడ్ల ఘర్షణ గుణకం 0.4. టైరు వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు, ప్యాడు లాగే వ్యాసార్ధం ముందు 10, వెనక 10.5 సెంటీమీటర్లు.

| సిలిండర్ల బోరు (ముందు / వెనక) | ముందు ఒత్తిడి | వెనక ఒత్తిడి | ముందు వాటా | వేగం తగ్గే తీరు |
|---|---|---|---|---|
| 15.9 / 15.9 మి.మీ. | 38 బార్ | 38 బార్ | 65.5 శాతం | 0.9 జీ |
| 15.9 / 17.8 మి.మీ. | 38 బార్ | 30 బార్ | 70 శాతం | 0.84 జీ |

మొదటి వరస మామూలు టైర్లకు అంచు మీద ఉంది, పట్టున్న టైర్లకు ప్రమాదకరం. రెండో వరసలో వెనక సిలిండర్ ఒక్కటి మారితే కావాల్సిన 70 వచ్చేసింది. క్యాలిపర్ ముట్టుకోలేదు, డిస్కు ముట్టుకోలేదు. పెద్ద తేడాలు సిలిండర్ బోరుతో సరిచేయాలి, కడ్డీ ఉన్నది చివరి సర్దుబాటుకే. రెండు పుష్ రాడ్ల మధ్య 63 మి.మీ. ఉన్న కడ్డీని 3 మి.మీ. జరిపితేనే బలం 50:50 నుంచి 55:45కి మారిపోతుంది. ఏ పుష్ రాడ్ మధ్య బేరింగుకు దగ్గరైతే దానికే ఎక్కువ బలం పోతుంది.

రోడ్డు రిజిస్ట్రేషన్ కు వెళ్లే కారైతే ఒక మాట. నడుపుతూ బ్రేకు పంపకం మార్చుకునే ఏర్పాటును తనిఖీదారులు ఒప్పుకోని చోట్లు ఉన్నాయి. అప్పుడు సర్దుబాటు పూర్తయ్యాక కడ్డీ కదలకుండా లాక్ చేయాలి. రెండు సర్క్యూట్లు, ఆయిల్ తగ్గితే వెలిగే దీపం, మెకానికల్ హ్యాండ్ బ్రేక్, ఈ మూడింటి గురించి మీ చోట నియమం ఏమిటో సామాన్లు కొనేముందే కనుక్కోండి.

## వెనక బ్రేకును తేల్చేది హ్యాండ్ బ్రేక్

వెనక డ్రమ్ములు పాతకాలపువని తీసిపారేయకండి. వెనక పని కేవలం మూడోవంతు, దానికి అవి చాలు. హ్యాండ్ బ్రేక్ డ్రమ్ములో పట్టినంత గట్టిగా ఇంకెందులోనూ పట్టదు. లోపం ఏమిటంటే డ్రమ్ము లోపలి షూ (ఘర్షణ పట్టీ) తనను తానే డ్రమ్ము మీదకు లాక్కుంటుంది కాబట్టి బలం ఒకే తీరుగా పెరగదు, ట్రాక్ మీద సన్నని సర్దుబాట్లకు లొంగదు.

డిస్కు కావాలంటే డోనర్ కుటుంబంలోనే హ్యాండ్ బ్రేక్ కలిసి ఉన్న వెనక క్యాలిపర్ వెతుక్కోండి. నా ఓటు దీనికే. వీటి పిస్టన్ నెడితే లోపలికి పోదు, చాలావాటికి స్క్రూలా తిప్పాలి. మొదట ఈ క్యాలిపర్ లోపలి సర్దుబాటు సరిచేసి, ఆ తర్వాతే కేబుల్ బిగించాలి. తలకిందులుగా చేస్తే హ్యాండ్ బ్రేక్ ఎప్పటికీ సరిగా పట్టదు.

వెనక కూడా అందమైన స్థిర క్యాలిపర్ పెట్టినవారికి హ్యాండ్ బ్రేక్ ఉండదు. దాని కోసం కేబుల్ తో పనిచేసే ఇంకో చిన్న క్యాలిపర్ తగిలించాలి. అంటే అదనపు బ్రాకెట్, అదనపు బరువు. హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేక్ లివర్ ర్యాలీలో తోక తిప్పడానికి పనికొస్తుంది గానీ కారు నిలిపి ఉంచడానికి కాదు, ఒత్తిడి మెల్లగా తగ్గిపోతుంది.

## మిగతావి త్వరగా

డిస్కు. ముందు గాలి సందులున్నది, వెనక గట్టిది చాలు. 13 అంగుళాల చక్రంలో 260 మి.మీ. దాటిన డిస్కు పట్టడం కష్టం. అట్టముక్కతో క్యాలిపర్ ఆకారం కోసి చక్రం లోపల తిప్పి చూశాకే కొనండి. కన్నాలు వేసిన డిస్కులు చూడముచ్చటగా ఉంటాయి, ట్రాక్ వేడికి కన్నాల చుట్టూ పగుళ్లు వస్తాయి. గీతలున్నవి మేలు, సాదావి అంతకన్నా మేలు.

ప్యాడ్లు. తేలిక కారు బ్రేకులు వేడెక్కవు. అందుకే రేసు ప్యాడ్లు రోడ్డు మీద చల్లగానే ఉండిపోయి, కావాల్సినప్పుడు పట్టవు. మామూలు ప్యాడ్లు, లేదా ఫాస్ట్ రోడ్ రకం. ట్రాక్ కు వేరే జత తీసుకెళ్లి అక్కడ మార్చుకోండి. ముందు ఒక రకం, వెనక ఇంకో రకం వేస్తే పైన కట్టిన లెక్కంతా మారిపోతుందని మరవకండి.

ఆయిల్. డాట్ 4 చాలు. కొత్తది మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. డాట్ 5.1కి అవి 260, 180. డాట్ 5 సిలికాన్ తో చేసింది, పేరు దగ్గరగా ఉన్నా వేరే జాతి. మిగతావాటితో కలపకూడదు. సన్నని గాలి బుడగలను పట్టి ఉంచుతుంది కాబట్టి పెడల్ మెత్తబడుతుంది.

పైపులు. రాగి, నికెల్ కలిసిన పైపు తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, పగలకుండా ఫ్లేర్ (జాయింటులో కూర్చునేలా విప్పారిన కొస) వస్తుంది. ఇనుప పైపు గట్టిదే కానీ వంచడం కష్టం, తుప్పు పడుతుంది. వట్టి రాగి అదురుకు గట్టిపడి పగుళ్లిస్తుంది, వద్దు. చక్రాల దగ్గర స్టీలు జాలీ తొడుగు ఉన్న గొట్టాలు పెడల్ ను కాస్త గట్టిపరుస్తాయి. అయితే జాలీ ఏదైనా రాసుకుంటే రంపంలా కోస్తుంది.

## ఎవరికి ఏది

రోడ్డు మీద సరదాగా తిరిగేవారు: డోనర్ ముందు క్యాలిపర్లు బాగుచేయించి, వెనక డ్రమ్ములు గానీ హ్యాండ్ బ్రేక్ కలిసిన డిస్కు గానీ ఉంచి, 22.2 మి.మీ. జంట సిలిండర్, బూస్టర్ లేకుండా. మిగిలిన ఖర్చు కొత్త హబ్ బేరింగుల మీద పెట్టండి.

అప్పుడప్పుడూ ట్రాక్ కు వెళ్లేవారు: అదే కుటుంబపు పెద్ద డిస్కు, ట్రాక్ ప్యాడ్లు ఇంకో జత, బ్యాలెన్స్ బార్ ఉన్న పెడల్ పెట్టె (పెడళ్లు, సిలిండర్లు కలిపి బిగించే చట్రం). పెడల్ పెట్టె ఇప్పుడే వేసుకోవడం మంచిది. బాడీ తొడిగాక ముందు గోడ కోయడం నరకం.

పోటీకే కట్టేవారు: స్థిర క్యాలిపర్లు, బ్యాలెన్స్ బార్, కొత్త హబ్బులు. ఆ వరసలో కాదు, తిరగేసి కొనండి. ముందు హబ్బులు, తర్వాత పెడల్ పెట్టె, ఆఖరుకు క్యాలిపర్లు.

మొదటిసారి కారు కడుతున్నవారైతే, ఏ గుంపులో ఉన్నా మొదటి గుంపులా మొదలుపెట్టండి. తెలిసిన పంపకం చేతిలో ఉంటే మార్పుల ఫలితం తెలుస్తుంది.

## అమర్చేటప్పుడు

పెడల్ గట్టిగా తన్నితే 1000 న్యూటన్లు పడవచ్చు. నిష్పత్తి 5తో అది సిలిండర్ దగ్గర 5000, అంటే అర టన్ను బరువు. సన్నని రేకుకు బిగించిన సిలిండర్ అప్పుడు ముందుకు వంగుతుంది. మనిషిని పెడల్ తొక్కమని, గోడ వంగుతోందేమో ఎదుట నిలబడి చూడండి. మెత్తని పెడల్ కు సగం కారణాలు గాలి కాదు, ఇదే.

పుష్ రాడ్ కు విశ్రాంతి స్థితిలో ఒక మి.మీ. దాకా ఖాళీ ఉండాలి. లేకపోతే సిలిండర్ లోపలి చిన్న రంధ్రం మూసుకుపోయి, వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి పోలేక బ్రేకులు తమంతట తామే పట్టేస్తాయి.

సిలిండర్ నేల కింద, క్యాలిపర్ల కన్నా దిగువన ఉంటే ఆయిల్ వెనక్కి జారుతుంది. అప్పుడు డిస్కు లైనులో 0.14 బార్ నిలిపే రెసిడ్యువల్ వాల్వు కావాలి. డ్రమ్ములకు వాడేది 0.7 బార్ రకం. రెండూ ఒకేలా కనిపిస్తాయి, తారుమారైతే డిస్కులు రాసుకుంటూనే ఉంటాయి.

నట్టు మరల (థ్రెడ్ల) విషయంలో నిజమైన ప్రమాదం ఒకటుంది. పాత బ్రిటిష్, అమెరికన్ సామాన్లలో ఎక్కువగా మూడు ఎనిమిదోవంతు అంగుళం, అంగుళానికి 24 మరలున్న యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మర) నట్టు. మెట్రిక్ సామాన్లలో ఎం10, ఒక మి.మీ. మర. మొదటిది రెండోదాని రంధ్రంలో దిగిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, ఒత్తిడికి ఊడొస్తుంది. పైపు కొస ఆకారాలు కూడా వేరు: మెట్రిక్ లో బుడగలాంటిది, అంగుళాల్లో రెండు మడతల గరాటు. జాలీ గొట్టాల 37 డిగ్రీల కొసకు బ్రేకు పైపు 45 డిగ్రీల కొస కూర్చోదు. డోనర్ ఒక జాతి, సిలిండర్ ఇంకో జాతి అయినప్పుడు ప్రతి జాయింటునూ కొలిచి రాసుకోండి.

క్యాలిపర్ బ్రాకెట్ కు సాదా స్టెయిన్లెస్ బోల్టులు వద్దు, 8.8 లేదా 10.9 గ్రేడువి వాడండి. కోత బలం పడే చోట బోల్టుకు మర లేని నున్నటి భాగం ఉండాలి. స్థిర క్యాలిపర్ డిస్కుకు సరిగ్గా నడుమ ఉండేలా పల్చటి వాషర్లతో సర్దాలి. డిస్కు ఊపు డయల్ గేజితో కొలిస్తే 0.1 మి.మీ. మించకూడదు, సగం ఉంటే ఇంకా మంచిది.

గాలి తీసే నిపుల్ క్యాలిపర్ పైభాగంలో ఉండాలి. కుడి ఎడమలు మారితే నిపుల్ కిందకు వస్తుంది, ఎంత ఆయిల్ పోసినా గాలి పైనే ఉండిపోతుంది. బ్యాలెన్స్ బార్ ఉంటే ముందొకటి, వెనకొకటి రెండు నిపుల్స్ ఒకేసారి తెరిచి గాలి తీయండి. ఒకవైపే తెరిస్తే కడ్డీ ఒరిగి సిలిండర్ పూర్తిగా కదలదు. పనంతా అయ్యాక ఒకవైపు నిపుల్ తెరిచి ఉంచి పెడల్ నొక్కండి. రెండోవైపు బ్రేకు పట్టాలి. పట్టకపోతే కడ్డీ ఎక్కడో తగులుతోంది, రెండు సర్క్యూట్లు ఉన్నా లేనట్టే.

స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి, చక్రం పూర్తిగా కిందకు వేలాడినప్పుడు, పూర్తిగా పైకెక్కినప్పుడు గొట్టం లాగుతోందా, టైరుకు రాసుకుంటోందా చూడండి. పెడల్ కు ఏదైనా అడ్డం పెట్టి రాత్రంతా నొక్కి ఉంచి, తెల్లారి ప్రతి జాయింటును పొడి కాగితంతో తుడిచి చూస్తే సన్నని కారుడు బయటపడుతుంది.

మొదటి పరుగు నడక వేగంలో. తర్వాత కొత్త ప్యాడ్లను 60 నుంచి 20 కిలోమీటర్ల వేగానికి తగ్గిస్తూ కుదర్చాలి, ఎక్కడా పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టకూడదు. ఆ తర్వాత ఎవరూ లేని ఖాళీ మైదానంలో మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ, ఏ చక్రం ముందు లాక్ అవుతోందో బయట నిలబడిన మనిషి చూసి చెప్పాలి. వెనకది ముందైతే ముందు బ్రేకులకు ఎక్కువ బలం పోయేలా కడ్డీని సర్దండి. కడ్డీ మొత్తం జరిపినా చాలకపోతే వెనక సిలిండర్ ఒక సైజు పెంచండి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత క్యాలిపర్ బోల్టులు, పైపు క్లిప్పులు, పుష్ రాడ్ లాక్ నట్లు ఇంకోసారి చూసుకోండి. పంపకం లెక్క మాత్రం టైర్లు మార్చిన ప్రతిసారీ మళ్లీ చూడాల్సిందే.